బొంతకు దాచిన గుడ్డ ఎన్నాళ్లుంటుంది?

అమెరికాలో బొంతలు కుట్టే స్త్రీల మధ్య ఒక హాస్యోక్తి చాలాకాలంగా వాడుకలో ఉన్నది. బీరువాలో చేరిన గుడ్డలు మనిషి ఆయుర్దాయాన్ని మించిపోయినవి, ఇక ఎంత కుట్టినా ఈ జన్మకు తరగవు అని దాని భావం. నవ్వులాటకు పుట్టిన మాటే గాని, దానిలో ఒక మంచి లెక్క దాగి ఉన్నది. ఆ లెక్క వెనుక కొంత రసాయనశాస్త్రం కూడా ఉన్నది.

మన ఇళ్లలో బొంత అంటే మెత్తబడిన పాతచీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరచి అంచునుంచి అంచుకు కుట్టినది. గుడ్డ వాడుకలో అరిగిన తరువాతనే బొంతకు వస్తుంది. అమెరికాలోనూ ఒకప్పుడు పొదుపే ప్రధానం. 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో పిండి, కోళ్ల దాణా వచ్చే నూలుసంచులను విప్పి, ఉతికి బొంతలకు వాడుకొన్నారు. ఆ సంగతి గ్రహించి సంచుల తయారీదారులు వాటి మీద పువ్వులు అచ్చువేయించారు కూడా! 1970ల తరువాత ఈ పని అక్కడ అభిరుచిగా మళ్లీ విస్తరించింది. ఇప్పుడు పై పొర కోసం కొత్త బట్ట కొంటారు, దానిని ముక్కలుగా కోసి, ఆ ముక్కలను మళ్లీ అతుకుతారు. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ చక్రంలాగా తిరిగే కత్తిని తెచ్చింది. దానితో అనేక పొరల గుడ్డను ఒక్క గీతలో కోయవచ్చు. కోత వేగం పెరిగింది గాని, కొనే వేగం అంతకన్నా ఎక్కువ పెరిగింది.

అంగడివారి నేర్పు కూడా ఇందుకు తోడ్పడింది. 44 అంగుళాల పన్నా గల బట్టలో పావుగజం అడ్డంగా కోస్తే 9 అంగుళాల వెడల్పు గల పేలిక వస్తుంది. అట్లా కాక అరగజం కోసి, దానిని మధ్యకు చీలిస్తే 18 అంగుళాలు, 22 అంగుళాలు ఉన్న తుండు వస్తుంది. వైశాల్యం రెండింటికీ 396 చదరపు అంగుళాలే. కాని మొదటిదానిలో 10 అంగుళాల చదరం ఒక్కటి కూడా రాదు, రెండవదానిలో రెండు వస్తాయి. వైశాల్యం ఒకటే అయినంత మాత్రాన ఉపయోగం ఒకటి కాదని పిల్లలకు చూపడానికి ఇంతకన్న సులభమైన ఉదాహరణ దొరకదు. ఇట్లాంటి తుండ్లను రంగురంగులుగా కట్టగట్టి అమ్ముతారు. చిన్నదే కదా అని కొనుక్కొంటారు. బీరువాలు నిండేది ఈ చిన్నవాటితోనే.

ఇక బొంత లెక్క. 88 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు గల బొంతను 4 అంగుళాల చదరాలతో కుట్టాలనుకొందాం. చదరాలు 22 వరుసలు, వరుసకు 25, మొత్తం 550. అతుకు కోసం నాలుగు వైపులా పావు అంగుళం వదలాలి కనుక ప్రతి ముక్కనూ నాలుగున్నర అంగుళాలకు కోయాలి. అంటే 16 చదరపు అంగుళాలు కనిపించడానికి 20.25 చదరపు అంగుళాలు కావాలి. నాలుగోవంతుకు పైగా అతుకులలో పోయింది. అదే బొంతను 2 అంగుళాల చదరాలతో కుడితే 56 శాతం అదనం. ఒక అంగుళం చదరాలతో కుడితే 125 శాతం అదనం! కనిపించే గుడ్డ కన్నా కనిపించని గుడ్డే ఎక్కువ. చిన్న ముక్కలు కలిపి కుట్టడం పొదుపు అనే అభిప్రాయం పారవేయబోయే పేలికల విషయంలో నిజమే. కొత్త బట్టను కోసి చిన్న ముక్కలు చేస్తే అది పూర్తిగా తారుమారవుతుంది.

4 అంగుళాల చదరాల బొంతకే వస్తే, పైపొరకు సుమారు 7.2 చదరపు మీటర్లు, చుట్టూ కొంత మిగులుతో అడుగుపొరకు 6.7, అంచుపట్టీతో కలిసి మొత్తం 14 చదరపు మీటర్ల దాకా కావాలి. బొంతలకు వాడే నూలుబట్ట చదరపు మీటరుకు 150 గ్రాములు తూగుతుందనుకొంటే ఒక బొంతకు 2.1 కిలోగ్రాముల గుడ్డ. అందువల్ల బీరువాలోని బట్టలను ముక్క ముక్కగా కొలవనక్కరలేదు, తూచితే చాలు.

ఒక గృహిణి దగ్గర 40 కిలోల నిల్వ ఉన్నదనుకొందాం. 19 బొంతల గుడ్డ. ఏటా రెండు బొంతలు కుడితే తొమ్మిదిన్నర ఏళ్లకు అయిపోవాలి. కాని ఆమె ఏటా 30 మీటర్లు కొంటుందనుకోండి. ఆ పన్నాలో మీటరు 168 గ్రాములు కనుక ఏటా 5 కిలోలు వచ్చి చేరుతాయి, 4.2 కిలోలు ఖర్చవుతాయి. చెరువులోకి వచ్చే కాలువ తూము కన్నా పెద్దది! పదేళ్ల తరువాత పెట్టెలో ఉండేది 48 కిలోలు. కొనుగోలు సగానికి తగ్గిస్తే ఏటా 1.7 కిలోలు తగ్గి, సుమారు ఇరవై మూడున్నర ఏళ్లకు పెట్టె ఖాళీ అవుతుంది. సంవత్సరానికి రెండు బొంతలకు బదులు మూడు కుడితే ఎట్లా ఉంటుందో విద్యార్థులే వేసి చూడవచ్చు.

చెరువుతో పోలిక ఒకచోట చెల్లదు. చెరువులో కొత్తనీరు పాతనీటిలో కలిసిపోతుంది. దొంతరలో అట్లా కలవదు. చివర పెట్టినది పైన ఉంటుంది, చేతికి మొదట అందేదీ అదే. సగటున గుడ్డ తొమ్మిదేళ్లు ఉంటుందని లెక్క తేలినా, పైవి నెలల్లో పోతాయి, అడుగువి ఇరవై ముప్పై ఏళ్లు కదలవు. అడుగున ఉన్నవి తరచు మిగిలిన వాటికన్న విలువైనవి: తల్లి కట్టిన చీర, పిల్లవాడి మొదటి చొక్కా. మంచి పనికి ఉంచుదామని దాచినవే అందరికన్న ఎక్కువ కాలం పెట్టెలో మగ్గుతాయి. ఆ కాలంలో వాటికేమవుతున్నది?

నూలుపోగులో అధికభాగం సెల్యులోజ్. గ్లూకోజ్ ఘటకాలు వేల సంఖ్యలో గొలుసుగా చేరి సెల్యులోజ్ అణువు ఏర్పడుతుంది. గొలుసు ఎంత పొడవుగా ఉంటే పోగుకు అంత బలం. ఆమ్లం తగిలితే జలవిశ్లేషణ వల్ల, వెలుతురు, గాలి తగిలితే ఆక్సీకరణం వల్ల ఈ గొలుసులు అక్కడక్కడ తెగుతాయి. తెగినట్లు కంటికి తెలియదు. గుడ్డ కొంత పసుపుపచ్చబడుతుంది, మడత దగ్గర పెళుసవుతుంది, ఒకనాడు సూది దిగినచోట చిరుగుతుంది. చెక్క నుంచి, చవక అట్టపెట్టెల నుంచి ఆమ్లపు ఆవిర్లు వెలువడుతూనే ఉంటాయి. అందుచేత బట్ట నేరుగా చెక్కను తాకకుండా ఉతికిన తెల్లని నూలుగుడ్డ పరవడం మంచిది. ట్రంకుపెట్టెకు ఆ దోషం లేదు గాని తుప్పు ఉన్నది.

ఇనుము నూలుకు ఎంత శత్రువో తెలుసుకోవడానికి ఆంధ్రదేశపు కలంకారీయే సాక్షి. ఎరుపుకు పటిక, చిరువేరు వాడతారు. నలుపుకు బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన ద్రవాన్ని వాడతారు, కరక్కాయలోని టానిన్‌తో కలిసి అది నల్లబడుతుంది. ఇనుము సెల్యులోజ్ ఆక్సీకరణానికి ఉత్ప్రేరకం. రెండు మూడు వందల ఏళ్ల కోరమాండల్ అద్దకాలలో కొన్నిటిని చూస్తే ఎర్రపువ్వు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ గీసిన నల్లరేఖ మాత్రం రాలిపోయి సన్నని చిల్లుగా మిగులుతుంది. ఆ కాలంలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి ఈ అద్దకాలు ఐరోపాకు వెళ్లేవి. ఇంగ్లండు తన నేతగాండ్ర కోసం 1721లో చట్టం చేసి అద్దకపు నూలుబట్ట వాడకాన్ని చాలావరకు నిషేధించింది, 1774 దాకా ఆ కట్టడి పోలేదు. అంతకు ముందే, సుమారు 1708 నాటిదని చెప్పే ముక్కల బొంత ఒకటి ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో ఉన్నది. అది భారతదేశపు అద్దకాల ముక్కలతో కుట్టినది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బొంతలలో గోధుమరంగు ముక్కలే ముందుగా పొడి అయిపోవడానికి కారణం కూడా ఆ ఇనుమే. పాత గుడ్డలలో నలుపు, ముదురు గోధుమ రంగులవాటిని ముందుగా పరీక్షించాలనడం అందుకే.

పట్టు సంగతి మరొకటి. పచ్చిపట్టులోని జిగురు తీసివేస్తే బరువులో నాలుగోవంతు దాకా పోతుంది. బరువు లెక్కన అమ్మే రోజులలో ఆ లోటును తగరపు లవణాలతో నింపేవారు. 1880ల ప్రాంతంలో అమెరికాలో పట్టుముక్కలతో కుట్టిన బొంతలు అనేకం ఇప్పుడు నిలువుగా చీలికలై ఉన్నవి. ఎంత జాగ్రత్తగా దాచినా ఆ పట్టు నిలవదు.

తేమను గురించి చాలామందికి ఒక భ్రమ ఉన్నది: గాలి దూరకుండా మూత బిగిస్తే తేమ రాదని. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్నప్పుడు నూలు తన పొడిబరువులో 7, 8 శాతం నీటిని పట్టి ఉంటుంది. 40 కిలోల గుడ్డలో మూడు లీటర్ల నీరు! పెట్టెలో గాలి ఐదో వంతు ఘనమీటరు ఉన్నా దానిలో ఉండే ఆవిరి నాలుగైదు గ్రాములకు మించదు. కాబట్టి లోపలి తేమను నిర్ణయించేది గుడ్డయే గాని గాలి కాదు. శ్రావణ భాద్రపదాలలో సర్ది మూతపెడితే వానకాలాన్ని పెట్టెలో బంధించినట్లే, బూజు తప్పదు. మాఘ ఫాల్గుణాలలో పొడిగాలికి ఆరవేసి, ఎండలో వేస్తే నీడలో చల్లార్చిన తరువాత సర్దాలి. రంగుబట్టలను ఎక్కువసేపు ఎండలో ఉంచితే వెలుస్తాయి, అది వేరు సంగతి.

గంజి పెట్టిన బట్టను దాచరాదని పెద్దలనే మాటకు కారణం ఉన్నది. వెండిపొలుసులతో చురుకుగా పాకే సిల్వర్‌ఫిష్ పురుగుకు పిండిపదార్థం ఇష్టం. గంజి కోసం వచ్చి గుడ్డను కూడా కొరుకుతుంది. చిమ్మట పిల్లపురుగుల తిండి వేరు. అవి ఉన్నిలోని కెరటిన్‌ను తింటాయి, పట్టునూ పాడుచేస్తాయి. శుభ్రమైన నూలు వాటికి పనికిరాదు, చెమటమరక ఉంటే మాత్రం దానినీ కొరుకుతాయి. అందువల్ల ఉన్ని, పట్టు, నూలు వేరువేరుగా ఉంచాలి. ఏది ఏదో తెలియకపోతే ఒక్క పోగును పట్టకారుతో పట్టుకొని, కింద నీళ్లపళ్లెం ఉంచి కాల్చాలి. కాగితం కాలిన వాసన నూలుది, వెంట్రుక కాలిన వాసన ఉన్ని లేక పట్టుది. కరిగి గట్టి పూసగా మారితే పాలియెస్టర్ వంటిది. ఈ పరీక్ష ఉపాధ్యాయుని ఎదుటనే చేయాలి.

కలరా ఉండలని పిలిచే నాఫ్తలీన్ ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరి అవుతుంది. ఈ ఆవిరి గాలికన్న నాలుగింతలకు పైగా బరువు, కనుక ఉండలను అడుగున కాక పైన ఉంచితేనే ఆవిరి కిందికి దిగి పనిచేస్తుంది. కాని ఒక హెచ్చరిక అవసరం. మన ఇళ్లలో కొత్తగా పుట్టిన బిడ్డ కింద వేసేది పాతచీరల బొంతయే. జి-6-పి-డి అనే ఎంజైము లోపం గల శిశువులకు నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి ప్రాణాపాయం కలగవచ్చు. ఇట్లా నిల్వచేసిన బట్టలలో చుట్టిన పసివారికి ఈ ప్రమాదం జరిగినట్లు వైద్యులు నమోదుచేశారు. ఎండ, ఉతుకు ఉండగా, బిడ్డల బొంతకు ఉంచిన గుడ్డలో కలరా ఉండ వేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

పెట్టె తెరచి కూర్చున్న గృహిణికి చేయవలసిన పని ఇప్పుడు కష్టం కాదు. దొంతరను అడ్డంగా కాక, పుస్తకాల వలె నిలువుగా పేర్చితే ప్రతి గుడ్డ అంచూ కనిపిస్తుంది, అడుగు అనేదే ఉండదు. ఏడాదికొకసారి పాతమడతను తప్పించి కొత్తచోట మడవాలి. చేతికి రానివి, మళ్లీ కుట్టబోనివి తూచి పక్కన పెట్టి, కుట్టు నేర్పే బడికో పొరుగింటికో గట్టిగా ఉండగానే ఇవ్వాలి. చివికిన తరువాత ఇచ్చినది తీసుకొనేవారికి బరువే.

ఇక తల్లి చీర. అంచు దగ్గర ఒక పోగు లాగి చూడాలి. బలం చూపి తెగితే ముక్కలు కోసి పైపొరకు వాడవచ్చు. లాగగానే చప్పుడు లేకుండా విడిపోతే పైపొరకు పనికిరాదు, కాని పారవేయనక్కరలేదు. పాత తెలుగు బొంతలలో చివికిన గుడ్డ లోపలి పొరలలోకి వెళుతుంది, పైన, కింద గట్టిబట్ట ఉంటుంది. లాగుడు బరువును ఆ రెండు పొరలు, వాటిని కలిపే కుట్టు మోస్తాయి. అట్లాంటి చీర లోపల ఉన్నప్పుడు కుట్టువరుసల మధ్య దూరం తగ్గించి, రెండు వేళ్ల వెడల్పుకు మించకుండా నడపాలి.