పని గంటల ఫారంలో మైనస్ 14 ఎందుకొచ్చింది? ఫోన్‌లోనే సరైన డేటాబేస్ ఫారం ఇలా డిజైన్ చేయండి

కొత్త ఫోన్ కొంటే కెమెరా, గేమింగ్ చూస్తాం. అదే ఫోన్‌తో ఒక చిన్న హోటల్ పనివాళ్ల హాజరు లెక్క కూడా నడపొచ్చు. కానీ ఫారం తప్పుగా చేస్తే ఒకరి కూలి పోతుంది. ఆ తప్పు నేనే చేశాను, అందుకే ఈ ఆర్టికల్.

అరసవల్లిలో మా మావయ్యకి టిఫిన్ హోటల్ ఉంది. 2025 ఫిబ్రవరి 4న రథసప్తమి. సూర్యనారాయణ స్వామి దర్శనానికి ముందు రోజు రాత్రి నుంచే జనం క్యూ కడతారు కాబట్టి హోటల్ కూడా రాత్రంతా తెరిచే ఉంది. గూగుల్ షీట్స్‌లో నేను చేసిచ్చిన ఫారంలో మూడే కాలమ్స్: పేరు, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్. టిఫిన్ మాస్టర్ రాత్రి 8కి ఎక్కి ఉదయం 6కి దిగాడు. షీట్ 6 లోంచి 20 తీసేసి మైనస్ 14 చూపించింది! మిగతా ఐదు రోజుల 40 గంటలతో కలిపి 50 రావాల్సింది, 26 వచ్చింది.

"ఏటి బాబూ ఇది? రాత్రంతా పెనం దగ్గరే ఉన్నాను గదా, ఉల్టా నేనే బాకీ ఏటి?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

తప్పు ఎక్కడ?

టైమ్ ఒక్కటే రాస్తే అది ఏ రోజు టైమో కంప్యూటర్‌కి తెలీదు. మాడ్ ఫంక్షన్ పెడితే 10 వస్తుంది నిజమే, కానీ అది పైపూత మాత్రమే. మాస్టర్ దిగే టైమ్ కొట్టడం మర్చిపోయి మర్నాడు కొడితే అదీ మామూలు షిఫ్ట్ లాగే కనిపిస్తుంది. తేదీ, టైమ్ కలిపి సేవ్ చేయడమే అసలు పరిష్కారం.

మూడు టేబుల్స్ చాలు

1. ఉద్యోగులు: ఐడీ, పేరు, ఇప్పటి గంట రేటు. పేరును కీగా వాడొద్దు. మా ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు.

2. షిఫ్ట్‌లు: ఉద్యోగి ఐడీ, మొదలు, ముగింపు, బ్రేక్ నిమిషాలు, ఆ రోజు రేటు. రేటును ఇక్కడ కాపీ చేయకపోతే, రేపు జీతం పెంచినప్పుడు పాత నెలల లెక్క కూడా మారిపోతుంది.

3. మార్పులు: పాత విలువ, కొత్త విలువ, ఎవరు మార్చారు, ఎందుకు.

మొత్తం గంటలకు టైప్ చేసే బాక్స్ పెట్టొద్దు. అది ఎప్పుడూ లెక్కగట్టి రావాల్సిందే.

ఫారం ఎలా ఉండాలి?

గూగుల్ వాళ్ల యాప్‌షీట్‌లో కోడ్ లేకుండానే ఇది చేయొచ్చు. స్క్రీన్ మీద రెండే పెద్ద బటన్లు: "వచ్చాను", "వెళ్తున్నాను". మొదటిది కొత్త రో తెరుస్తుంది, రెండోది అదే రోని మూస్తుంది. టైమ్ నౌ ఫంక్షన్ నుంచి దానంతటదే పడాలి. అది ఫోన్ గడియారాన్నే నమ్ముతుంది కాబట్టి సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో ఉంచండి. జాతర రద్దీలో సిగ్నల్ పోయినా ఎంట్రీ ఫోన్‌లో ఆగి, తర్వాత సింక్ అవుతుంది.

చెకింగ్ రూల్స్ కూడా పెట్టండి. ముగింపు మొదలు కంటే తర్వాతే ఉండాలి. 16 గంటలు దాటితే ఎర్ర రంగులో చూపాలి. రాత్రి షిఫ్ట్‌ని మొదలైన రోజు ఖాతాలోనే వేయాలి.

ఓవర్‌టైమ్ సంగతి

ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఓవర్‌టైమ్‌కి మామూలు కూలికి రెండింతలు ఇవ్వాలి. వారం పరిమితి 48 గంటలు, రోజుకూ వేరే పరిమితి ఉంది. ఈ అంకెలను ఫార్ములాలో ఇరికించకుండా సెట్టింగ్స్ టేబుల్‌లో పెట్టండి. రూల్ మారితే ఒక్కచోట మారిస్తే చాలు.

చివరి మాట

పనిచేసిన మనిషి తన గంటలు తాను చూసుకునే స్క్రీన్ తప్పనిసరిగా ఇవ్వండి. మా తప్పును పట్టుకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, మాస్టరే. ఆ 24 గంటలూ సరిచేసి మావయ్య కూలి ఇచ్చేశాడు. మీరు ఫారం చేస్తే మొదటి టెస్ట్‌గా రాత్రి 8 నుంచి ఉదయం 6 వేసి చూడండి. 10 వస్తేనే ఎవరికైనా ఇవ్వండి!