పాలు, వెన్న, గుడ్డు లేని ఓట్స్ కుకీలు: పిండి ముద్దలో జరిగేదేమిటి?

ఇంట్లో తొలిసారి గుడ్డు, వెన్న లేకుండా ఓట్స్ కుకీలు చేసినవారికి సాధారణంగా రెండు అనుభవాల్లో ఒకటి ఎదురవుతుంది. ఓవెన్‌లో ముద్ద కరిగి పళ్ళెమంతా పరచుకుని పలుచని అప్పచ్చిలా మారుతుంది. లేదా చక్కగా కాలినట్టే కనిపించి, చేతిలోకి తీసుకోగానే పొడిపొడిగా రాలిపోతుంది. తప్పు ఓట్స్‌దని కొందరు, ఓవెన్‌దని మరికొందరు అనుకుంటారు. నిజానికి పొరపాటు అంతకుముందే, తయారీ పట్టికలోంచి మూడు పదార్థాలను కొట్టివేసిన చోటే జరిగి ఉంటుంది. ఆ మూడూ రుచి కోసం మాత్రమే చేరినవి కావు. ముద్దలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని ఉంది. ఆ పనిని మరొక పదార్థానికి అప్పగించకుండా వాటిని తొలగిస్తే కుకీ నిలవదు.

జంతు సంబంధమైన ఏ పదార్థమూ లేని ఆహారానికి వీగన్ అనే పేరు 1944లో ఇంగ్లాండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు వాడుకలోకి వచ్చింది. మన శాకాహారానికి, దీనికి ఉన్న తేడాను శిక్షణ తరగతుల్లో ముందుగానే చెప్పాలి. పాలు, పెరుగు, నెయ్యి మనకు శాకాహారాలే. వీగన్ ఆహారంలో వాటికి చోటు లేదు. తేనెకు కూడా లేదు. ఈ విషయం చాలామందికి తట్టదు. మరోవైపు నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి, వేరుశనగ ఉండలు ఏ పేరూ పెట్టుకోకుండానే తరతరాలుగా ఈ కోవలో ఉన్నాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలను, చిహ్నాన్ని తెచ్చింది. పాలలోని లాక్టోజ్ పడనివారు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ కుకీల కోసం అడుగుతున్నందున, దీనిని కొద్దిమంది అభిరుచిగా మాత్రమే చూడడం సరికాదు.

తీసివేసిన మూడింటి పని

వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగిలిన దానిలో అధిక భాగం నీరు. చల్లని వెన్నను చక్కెరతో గిలకొట్టినప్పుడు ఘనరూపంలోని కొవ్వు స్ఫటికాలు గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. ఓవెన్‌లో ఆ బుడగలు వ్యాకోచించి కుకీని గుల్లగా చేస్తాయి. ద్రవరూపంలోని నూనెకు ఆ శక్తి లేదు. అందువల్లనే వెన్నకు బదులు నూనె పోసిన ముద్ద పరచుకుపోతుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక శీతకాలపు ఉదయాన అది వెన్నలాగే గడ్డకట్టి ఉంటుంది, మే నెలలో నీళ్ళలా ఉంటుంది. ఒకే కొలతలతో జనవరిలో కుదిరిన కుకీ వేసవిలో కుదరకపోవడానికి కారణం ఇదే. వేసవిలో నూనెను, ఆపైన కలిపిన ముద్దను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఈ చిక్కు తీరుతుంది. 100 గ్రాముల వెన్నకు బదులు 80 గ్రాముల నూనె చాలు. వెన్నలోని నీటిని లెక్కించకుండా సమానంగా పోసినప్పుడే కుకీ జిడ్డుగా వస్తుంది.

గుడ్డు పని మరింత సూక్ష్మమైనది. అది తేమనిస్తుంది, పచ్చసొనలోని లెసిథిన్ నూనెను నీటితో కలిపి ఉంచుతుంది, వేడి తగలగానే మాంసకృత్తులు గట్టిపడి ముద్దకు అస్థిపంజరంలా నిలుస్తాయి. అవిసె గింజల పొడిని నీటిలో నానబెట్టినప్పుడు గింజ పైపొరలోని జిగురు విడుదలై గుడ్డు తెల్లసొనను తలపించే చిక్కని ద్రవం ఏర్పడుతుంది. ఒక గుడ్డుకు బదులుగా ఒక పెద్ద చెంచా పొడి, మూడు పెద్ద చెంచాల నీరు అన్న కొలత స్థిరపడింది. అయితే ఈ జిగురు పట్టి ఉంచగలదే తప్ప గుడ్డులా వేడికి గడ్డకట్టదు. ఆచరణలో దీని ప్రభావం గణనీయం: గుడ్డు లేని కుకీ ఓవెన్ నుంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది. ఇంకా కాలలేదనుకుని తిరిగి లోపల పెడితే మాడుతుంది. తొందరపడి ఎత్తితే విరుగుతుంది. పళ్ళెం మీదనే పది నిమిషాలు వదిలితే, చల్లబడుతున్న బెల్లం, గట్టిపడుతున్న కొవ్వు కలిసి దానిని నిలబెడతాయి.

పాల సంగతి తేలిక. కుకీలో పాలు చేసే పని తేమను, కొంత రంగును ఇవ్వడమే. ఖరీదైన బాదం పాలు కొననవసరం లేదు, నీరు చాలు.

ఓట్స్ గింజలోని జిగురు

ఓట్స్ శాస్త్రీయ నామం అవీనా సటైవా. యవలు అంటే బార్లీ. ఓట్స్‌కు ఆ పేరును వాడడం వల్ల అనవసరమైన అయోమయం కలుగుతోంది. ఈ గింజకు రెండు ప్రత్యేకతలున్నాయి. మొదటిది బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. ఓట్స్‌లో ఇది సుమారు 4 శాతం ఉంటుంది. నీటిని పీల్చుకుని జిగురుగా మారే ఈ పీచే ఓట్స్ జావకు చిక్కదనాన్ని, కుకీ ముద్దకు పట్టును ఇస్తుంది. ముద్దను కలిపిన వెంటనే కాల్చక 20 నిమిషాలు నాననివ్వాలని చెప్పడంలోని అంతరార్థం ఇది. ఓట్స్‌లో మూడో వంతును మిక్సీలో పొడి చేసి కలిపితే ఆ పీచు మరింత సులువుగా నీటికి అందుతుంది.

రెండవ ప్రత్యేకత కొవ్వు. తృణధాన్యాల్లో ఓట్స్‌కు కొవ్వు ఎక్కువ, సుమారు 7 శాతం. దానితోపాటు కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము కూడా గింజలో చురుగ్గా ఉంటుంది. గింజను నలగగొట్టగానే రెండూ కలిసి చేదును పుట్టిస్తాయి. అందుకే కర్మాగారంలో పొట్టు తీసిన గింజలను ఆవిరిపట్టి, ఎంజైమును నిర్వీర్యం చేసి, ఆ తరువాతనే అటుకుల్లా నొక్కుతారు. రైతుల నుంచి తరచు వచ్చే ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. మన ప్రాంతంలో రబీలో పశుగ్రాసంగా వేసే ఓట్స్‌ను గింజ కట్టనిచ్చి ఇంట్లో మర పట్టించి వాడుకోవచ్చా? గింజను గట్టిగా అంటుకుని ఉండే పొట్టును పిండిమర తీయలేదు. ఆవిరిపట్టని పిండి త్వరగా చేదెక్కుతుంది. పైగా చలి వాతావరణపు పంట కావడం వల్ల గింజ పాలుపోసుకునే దశలో ఎండలు ముదిరితే తాలు పెరుగుతుంది. గ్రాసపు ఓట్స్ గ్రాసంగా ఉండడమే మేలు.

కొలతలు, తయారీ

అటుకుల్లా నొక్కిన ఓట్స్ 120 గ్రాములు, గోధుమ పిండి 60 గ్రాములు, బెల్లం పొడి 80 గ్రాములు, నూనె 60 గ్రాములు, అవిసె పొడి 10 గ్రాములు, నీరు 40 మిల్లీలీటర్లు, ఎండు ద్రాక్ష 30 గ్రాములు, వంట సోడా పావు చెంచా, నిమ్మరసం అర చెంచా, చిటికెడు ఉప్పు, కొద్దిగా దాల్చిన చెక్క పొడి. ఈ కొలతలకు 25 గ్రాముల ముద్దలు 16 వస్తాయి. గ్లూటెన్ పడనివారికి గోధుమ పిండి బదులు ఓట్స్ పిండినే వాడవచ్చు. కానీ ఓట్స్ గోధుమతో కలుషితమయ్యే అవకాశం ఎక్కువ కనుక, గ్లూటెన్ రహితమని ధ్రువీకరించిన పొట్లాన్నే ఎంచుకోవాలి.

అవిసె పొడిని నీటిలో పది నిమిషాలు నానబెట్టాలి. జల్లించిన బెల్లం పొడిని నూనెతో బాగా గిలకొట్టి, అవిసె జిగురును, నిమ్మరసాన్ని చేర్చి, చివరగా పొడి పదార్థాలను కలపాలి. బెల్లంలో స్వల్ప ఆమ్లత్వం ఉన్నా సోడా పూర్తిగా పనిచేయడానికి అది చాలకపోవచ్చు. నిమ్మరసం ఆ లోటును తీరుస్తుంది. లేనిపక్షంలో మిగిలిపోయిన సోడా నాలుకకు సబ్బు రుచిగా తెలుస్తుంది. నానిన ముద్దను ఉండలు చేసి, ఒక సెంటీమీటరు మందాన అదిమి, 170 డిగ్రీల వద్ద 14 నుంచి 16 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు అడుగున ఉప్పు పరచి ముందుగా వేడిచేసిన మందపాటి గిన్నెలో, లేదా గాస్కెట్, విజిల్ తీసివేసిన కుక్కర్‌లో కాల్చుకోవచ్చు. ఆ పద్ధతిలో పైభాగం ఎర్రబడదు. అడుగు చూసి దించాలి.

రంగు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల వల్ల ఈ కుకీలు పంచదార కుకీల కంటే త్వరగా ఎర్రబడతాయి. 120 డిగ్రీలు దాటిన వేడిలో ఈ చక్కెరలు ధాన్యంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లంతో చర్య జరిపి ఆక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థాన్ని కూడా ఏర్పరుస్తాయి. ముదురు గోధుమ రంగు వచ్చేకొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. అంచులు బంగారు రంగుకు తిరగగానే దించడం రుచికీ, ఆరోగ్యానికీ మంచిది. కరకర కోసం అమ్మోనియా సోడాను వాడే అలవాటు కూడా ఆక్రిలమైడ్‌ను పెంచుతుంది కనుక ఇంటి వంటలో దానిని మానుకోవాలి.

ఆరోగ్యం పేరిట చెప్పే మాటలు

ఓట్స్ కుకీలు కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయని, బెల్లంతో చేసినవి మధుమేహులకు మంచివని చెప్పి అమ్మడం మామూలైంది. శిక్షణ ఇచ్చే శాస్త్రవేత్త నోట ఈ మాట వస్తే, స్వయం సహాయక సంఘపు పొట్లం మీద అచ్చుకెక్కుతుంది. కనుక ఒకసారి లెక్క వేయాలి. రోజుకు 3 గ్రాముల ఓట్స్ బీటా గ్లూకాన్ కొలెస్టరాల్ తగ్గుదలకు తోడ్పడుతుందన్న అంశాన్ని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో గుర్తించింది. పై కొలతలతో చేసిన ఒక్కో కుకీలో ఏడున్నర గ్రాముల ఓట్స్, అంటే సుమారు 0.3 గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటుంది. 3 గ్రాములు అందాలంటే పది కుకీలు తినాలి. ఆ పదింటితోపాటు 50 గ్రాముల బెల్లం, 37 గ్రాముల నూనె లోపలికి వెళతాయి. రోజుకు 2000 కిలో కేలరీలు తీసుకునే వ్యక్తి చేర్చిన చక్కెరలను 50 గ్రాములు మించనీయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే కనుక ఆ పరిమితి దాదాపుగా కుకీలతోనే పూర్తవుతుంది.

నూనె లెక్క ఇంకా ఇబ్బందికరమైనది. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. ఈ విషయంలో అది వెన్నను మించినది. పది కుకీల్లో 34 గ్రాముల సంతృప్త కొవ్వు చేరుతుంది. అదే వ్యక్తికి రోజువారీ పరిమితి సుమారు 22 గ్రాములు. జంతు పదార్థం లేనంత మాత్రాన గుండెకు మేలు జరుగుతుందని చెప్పడానికి ఇక్కడ ఆధారం లేదు. సగం కొబ్బరి నూనె, సగం వేరుశనగ నూనె వాడితే ముద్ద కొంచెం పరచుకున్నా సంతృప్త కొవ్వు గణనీయంగా తగ్గుతుంది. శిక్షణలో ఈ మార్పునే సిఫారసు చేయాలి. 3 గ్రాముల బీటా గ్లూకానే లక్ష్యమైతే 75 గ్రాముల ఓట్స్‌ను ఉప్మాగానో జావగానో తీసుకుంటే సరిపోతుంది. కుకీ అల్పాహారం. రెండు మూడు తిని ఆనందించవలసిన పదార్థం. దానిని మందుగా అమ్మడం తప్పు.

జొన్న అటుకులతో చేయవచ్చా?

మన దేశంలో ఆహారానికి వాడే ఓట్స్‌లో చాలా భాగం ఆస్ట్రేలియా నుంచి దిగుమతి అవుతోంది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత ఓట్స్ స్థానంలో జొన్న అటుకులు వాడాలన్న సూచన తరచు వినిపిస్తోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ కృషి వల్ల జొన్న అటుకుల తయారీ సాంకేతికత అందుబాటులో ఉంది. సూచన మంచిదే; కానీ తూకానికి తూకం మార్చిన కుకీ పొడిగా రాలిపోతుంది. జొన్నలో ఓట్స్ మాదిరి జిగురునిచ్చే పీచు లేదు, గ్లూటెనూ లేదు. కొవ్వు కూడా సుమారు 1.7 శాతమే. ఒకసారి విఫలమైన గృహిణి తప్పును జొన్న మీదకు నెట్టి, మళ్ళీ ఓట్స్ పొట్లం వైపే మళ్ళుతుంది. తొందరపాటు సిఫారసు పంటకే చెడ్డపేరు తెస్తుంది.

దీనికి పరిష్కారం జొన్న రొట్టె చేసే చేతుల్లోనే ఉంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ జొన్న పిండిని చన్నీళ్ళతో కలపరు. మరిగిన ఎసరు పోసి కలుపుతారు. సుమారు 70 డిగ్రీలు దాటిన నీటిలో జొన్న పిండిపదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది. గ్లూటెన్ లేని పిండి రొట్టెగా సాగడానికి ఆ జిగురే ఆధారం. కుకీకి కూడా అదే సూత్రం వర్తిస్తుంది. మొదటి ప్రయత్నంగా ఓట్స్‌లో సగం తగ్గించి 60 గ్రాముల జొన్న అటుకులు, గోధుమ పిండికి బదులు 60 గ్రాముల జొన్న పిండి తీసుకోవచ్చు. ఆ పిండిలోంచి 15 గ్రాములు విడదీసి, 60 మిల్లీలీటర్ల నీటిలో ఉండకట్టకుండా కలిపి, సన్నని సెగ మీద సంకటిలా చిక్కబడేవరకు ఉడికించి, అవిసె పొడిని అందులోనే కలిపితే విడిగా నీరు అక్కరలేదు. చల్లారిన తరువాతనే నూనె, బెల్లం మిశ్రమంలో చేర్చాలి. వేడిగా చేర్చితే నూనె కరిగిపోయి గిలకొట్టిన శ్రమ వృథా అవుతుంది. జొన్న అటుకులు గట్టివి కనుక నానే సమయాన్ని 20 నుంచి 40 నిమిషాలకు పెంచాలి. నూనె మరో 5 గ్రాములు పట్టవచ్చు.

విద్యార్థులు దీనిని చిన్న ప్రయోగంగా చేపట్టదగును. ఉడికించిన పిండి పాలును 10, 15, 20 గ్రాములుగా మార్చి, ప్రతి విడతలో కుకీ వ్యాసాన్ని, మందాన్ని, నిర్ణీత ఎత్తు నుంచి జారవిడిచినప్పుడు విరిగిన ముక్కల తూకాన్ని నమోదు చేస్తే చాలు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నిల్వ గుణాన్ని మాత్రం గాలి చొరని డబ్బాలో ఉంచి, వారానికొకసారి వాసన, రుచి చూసి నమోదు చేయాలి. అవిసె నూనె గాలి తగిలితే త్వరగా ముక్కిపోతుంది కనుక, వర్షాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో మరొకసారి చేయడం అవసరం.