సున్న చుట్టాలంటే నాలుగు వంపులు

రథసప్తమి దగ్గరపడితే శ్రీకాకుళంలో ఫ్లెక్సీ షాపులకు ఊపిరాడదు. అరసవల్లి దారి పొడవునా సూర్యుడి బొమ్మలే. నెట్‌లో దొరికిన చిన్న ఫొటోను పదడుగులకు సాగదీస్తే అంచులు మెట్లుమెట్లుగా తేలతాయి. ‘పిక్సెల్స్ పగిలాయి’ అంటారు షాపుల్లో. అదే సూర్యుడు వెక్టర్ ఐకాన్ అయితే గోరంత సైజులోనైనా గోడంత సైజులోనైనా నున్నగా వస్తాడు.

ఎందుకంటే అందులో చుక్కలుండవు. ఎక్కడ మొదలెట్టాలి, ఎటు వంగాలి, ఎక్కడ ఆగాలి అన్న సూచనలే ఉంటాయి. అడిగిన సైజుకు కంప్యూటరు అప్పటికప్పుడు లెక్కకట్టి గీస్తుంది.

ఈ లెక్క కార్ల కంపెనీల్లో పుట్టింది. ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లో కారు బాడీ వంపులను గణితంలోకి దించాడు. కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. రెనో కంపెనీలో పియర్ బెజియే తన దారిన తాను అదే తేల్చి 1960ల్లో ప్రచురించడంతో పేరు ఆయనకే దక్కింది! 1984లో అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఈ వంపులను ప్రింటర్లకు నేర్పింది. 2001లో వచ్చిన ఎస్‌వీజీ ప్రమాణం వెబ్ పేజీల్లోకి తెచ్చింది.

మన సున్నను చూడండి. బెజియే వంపుతో అచ్చమైన వృత్తం కుదరదు. అందుకే నాలుగు పావులుగా చుడతారు. వ్యాసార్ధం 100 అయితే వంపును లాగిపట్టే పిడి పొడవు 55.23. మీటరు వ్యాసార్ధంతో సూర్యుణ్ని ముద్రించినా తేడా మిల్లీమీటరులో మూడో వంతుకు చేరదు.

తెలుగు అక్షరాలన్నీ ఇలాంటి వంపులే కదా. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో రెండింటి పేర్లు ఉత్తరాంధ్రవి: గిడుగు, గురజాడ. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరం గురజాడ అప్పారావు చిన్ననాడు విజయనగరంలో కలిసి చదువుకున్నవారు, తర్వాత వాడుక భాష కోసం కలిసి పోరాడినవారు. ఆ ఫాంట్లను శుభలేఖకైనా షాపు బోర్డుకైనా వాడుకోవచ్చు. ఫాంటు ఫైలును విడిగా అమ్ముకోవడమే కుదరదు.

2012లో ఫాంట్ ఆసమ్ అనే ప్రాజెక్టు ఐకాన్లనే అక్షరాల్లా ఫాంటులో కూర్చి పంచింది. దాని ఉచిత ఐకాన్లకు గీసినవారి పేరు చెప్పాలన్న షరతు ఉంది. ఫైలు లోపల ఆ పేరు రాసే ఉంటుంది, సైజు తగ్గించే హడావుడిలో చెరిపేయకుంటే చాలు. గూగుల్ మెటీరియల్ ఐకాన్లకు ఆ పట్టింపూ లేదు. వాట్సాప్ గుర్తులాంటివి మాత్రం ట్రేడ్‌మార్కులు. ఐకాన్ ఉచితంగా దొరికినా గుర్తు కంపెనీదే.

ఈ ఐకాన్ల భాండాగారాల్లో బర్గర్లకు కొదవలేదు. విజయనగరం పైడితల్లి జాతరలోని సిరిమాను కావాలంటే మనమే గీసుకోవాలి. వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉచితమే. ఏటవాలుగా లేచే సన్నని మాను, దాని కొసన ఆసనం, అందులో కూర్చున్న పూజారి: మూడు ఆకారాలతో పనైపోతుంది.