ఎక్కువ కాలిస్తే ఎక్కువ గట్టిపడుతుందా?

తిరువూరులో ఇల్లు కట్టించుకున్నవాళ్లకు ఇటుక చూడటం వచ్చు. సరిగా కాలనిది నానితే చిదుము అయిపోతుంది. మరీ మాడింది వంకర పోతుంది, పెళుసెక్కుతుంది. ఖంగుమంటే మంచిదంటారు మేస్త్రీలు. ఖరీదైన కార్ల బ్రేకుల్లో వాడే కార్బన్-సిరామిక్‌లోనూ పేచీ ఇదే, బట్టీ వేడి దగ్గరే.

తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు. 1989 మే 22న అగ్ని క్షిపణి తొలిసారి ఎగిరినప్పుడు హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం గారే. క్షిపణి తిరిగి గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే వేల డిగ్రీల వేడిని ఆపడానికి కార్బన్ కాంపోజిట్ కవచం వాడారు. కార్బన్ వేడికి కరగదు గానీ, గాలి తగిలితే 500 డిగ్రీల దగ్గరే కాలడం మొదలవుతుంది. కాసేపటి పనికి ఫర్వాలేదు. ఏళ్ల తరబడి వాడే బ్రేకుకు కుదరదు కదా! అందుకే సిరామిక్‌ను జత చేస్తారు.

ముందు కార్బన్ పోగుల్ని రెసిన్‌తో కలిపి అచ్చు పోస్తారు. గాలి తగలకుండా సుమారు 900 డిగ్రీలకు పైగా కాలుస్తారు. కట్టె బొగ్గయినట్టు రెసిన్ కార్బన్‌గా మారి, కుంచించుకుపోయి, సన్నని పగుళ్లు తెరుస్తుంది. ఈ పగుళ్లు కావాలని రానిచ్చినవే. సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఆ పగుళ్లలోకి ఎక్కి, కార్బన్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. వజ్రమంత కాకపోయినా చాలా గట్టిది అది.

చిక్కంతా ఇక్కడే. వేడి చాలకపోతే సిలికాన్ లోపలిదాకా వెళ్లదు, బోలు మిగులుతుంది. వెళ్లినా కార్బైడ్‌గా మారని సిలికాన్ అలాగే ఉండిపోయి, తర్వాత పెద్ద వేడిలో మళ్లీ కరుగుతుంది. పోనీ అని వేడి పెంచితే, సిలికాన్ చుట్టూ ఉన్న కార్బన్‌తో ఆగదు, పోగుల్నే తినేస్తుంది. పైగా ఆ రసాయన చర్య తనంతట తానే మరింత వేడి పుట్టిస్తుంది. పగులు సాగకుండా పట్టి ఉంచేవి పోగులే. అవి పోతే మిగిలేది పింగాణీ ప్లేటు. చల్లారేటప్పుడూ పోగు, సిరామిక్ ఒకే కొలతలో కుంచించుకోవు. ఎంత పైనుంచి చల్లారితే అంత లాగులాట, అన్ని కొత్త పగుళ్లు.

అందుకే బట్టీ నుంచి తీశాక నమూనా ముక్కను రెండు దిమ్మెల మీద పెట్టి, నడుమ నొక్కి విరుస్తారు. విరిగిన అంచున పోగులు కుచ్చులా బయటికొస్తే వేడి సరిపోయినట్టు. అంచు గాజు ముక్కలా నున్నగా ఉంటే, చాలావరకు పోగులు సిలికాన్ పాలైనట్టే.