ప్యాకెట్ మీది బొమ్మ.. తుపాకీ పట్టింది!

తలకి గుడ్డ, గుండ్రటి మొహం, చెరగని నవ్వు. అమెరికాలో ఒకప్పుడు పాన్‌కేక్ పిండి ప్యాకెట్ మీద కనిపించిన ఈ నల్లజాతి మహిళ పేరు ఆంట్ జెమీమా. 1889లో మొదలైన బ్రాండ్. చూడ్డానికి మామూలు లోగోనే! కానీ నల్లజాతి ఆడవాళ్లంటే తెల్లవాళ్ల వంటింట్లో నవ్వుతూ చాకిరీ చేసేవాళ్లనే మాటని అది తరతరాలుగా మోసింది. ఆ బొమ్మనే తీసుకుని ఎదురు తిప్పారు బెట్టీ సేర్.

1926లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన బెట్టీ చదివింది డిజైన్. 1949లో యూసీఎల్‌ఏ పట్టా. ప్రింట్‌మేకింగ్ నేర్చుకుంది ఆ తర్వాతే. 1967లో జోసెఫ్ కార్నెల్ ప్రదర్శన చూశాక ఆమె దారి మారింది. చిన్న పెట్టెల్లో పాత వస్తువులు పేర్చి ఆయన ఓ లోకాన్నే సృష్టించేవారు. దీన్నే అసెంబ్లాజ్ అంటారు. మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ హత్య ఆమెని కుదిపేసింది. పాత సామాన్ల సంతల్లో నల్లవాళ్లని వెక్కిరించే బొమ్మలూ, కార్డులూ ఏరడం మొదలెట్టారు. అవమానించడానికి చేసిన సరుకే ఆమెకి ముడిసరుకైంది.

పెట్టెలో తిరుగుబాటు

అలా 1972లో వచ్చిందే 'ది లిబరేషన్ ఆఫ్ ఆంట్ జెమీమా'. పట్టుమని అడుగు ఎత్తుండదు. వెనక గోడంతా జెమీమా లేబుళ్లు. కింద పత్తి. మధ్యలో నోట్‌ప్యాడ్ పెట్టుకునే ఓ వంటింటి పనిమనిషి బొమ్మ. దాని ఒక చేతిలో చీపురు, రెండో చేతిలో రైఫిల్! ముందు బిగించిన నల్ల పిడికిలి. ఒక్క వస్తువూ కొత్తగా గీసిన అందం కోసం కాదు. చాలావరకు జనం ఇళ్లల్లో తిరిగినవే. అందుకే అంత సూటిగా తగిలింది. నల్లజాతి మహిళల ఉద్యమం ఈ పెట్టెతోనే మొదలైందని 2007లో ఏంజెలా డేవిస్ అన్నారు.

లోగో వెనక ఏముంది?

జాతి వివక్షపై నిరసనలు హోరెత్తిన 2020 జూన్‌లో ఆ బొమ్మని తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. 2021లో బ్రాండ్ పేరే మారింది. అంటే బెట్టీ ప్రశ్నించిన 49 ఏళ్లకి! అదే జూన్‌లో మన దగ్గర కూడా ఓ ప్రముఖ క్రీమ్ పేరులోంచి 'ఫెయిర్' తీసేస్తామన్నారు.

డిజైన్, యానిమేషన్, యాప్‌ల వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. ఐకాన్ అయినా, స్టిక్కర్ అయినా, మీమ్ అయినా మనం గీసిన మొహం ఎవరో ఒకరిది. దాన్ని చూసి ఎవరు నవ్వుతారన్నదే కాదు, ఎవరు తల దించుకుంటారన్నదీ డిజైనర్ పనే. ఈసారి ఫైల్ సేవ్ చేసే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి!