అమ్మ పాట, మూడు హెడ్‌ఫోన్లు

సంగీతమంటే చెవి కోసుకునే వంశం కాదు మాది. నాన్నగారు బరంపురంలో కిరాణా కొట్టు లెక్కలు రాశారు. నేను బి.కాం. చదివి బ్యాంకు లెక్కలు రాస్తున్నాను. అలాంటివాడిని హెడ్‌ఫోన్ల గురించి రాయడానికి కూర్చున్నానంటే దానికి కారణం ఒక పాత క్యాసెట్టు.

1989లో ఒక శ్రావణ శుక్రవారం మా అమ్మ పాడిన మంగళహారతిని మా చెల్లెలు టేప్‌రికార్డర్లో పట్టింది. అది అమ్మకు వాళ్ళ అమ్మమ్మ దగ్గర వచ్చిన పాట. ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. అమ్మ 2004లో వెళ్ళిపోయింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర నాకూ మా చెల్లెలికీ ఏళ్ళ తరబడి తగాదా. నేను ‘ముద్దు’ అంటాను. తను ‘పొద్దు’ అంటుంది. ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివే మా ఇంటి పిల్లలకు ఆ పాట నేర్పాలంటే ముందు ఆ మాట తేలాలి కదా!

పోయిన సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి ఆ క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించాడు. వాడి దగ్గర సెన్‌హైజర్ హెచ్.డి. 600 ఉంది. సౌండ్ ఎడిటింగ్ చేసే మా మేనల్లుడు బేయర్‌డైనమిక్ డి.టి. 770 ప్రో తెచ్చాడు. పక్కవీధి మిత్రుడు తన గ్రాడో ఎస్.ఆర్. 80 ఇచ్చాడు. మూడింటినీ ఒకే చిన్న యాంప్లిఫయరుకు తగిలించి, ఒకే పాట విన్నాము. శబ్దం మూడింటిలోనూ సమానంగా ఉండేట్టు మేనల్లుడు సరిచేశాడు. ఇది ముఖ్యం. రెండింటిలో కాస్త గట్టిగా మోగేదే మంచిదని మన చెవి మోసపోతుంది.

ముందు కట్టుబడి సంగతి. హెచ్.డి. 600 జర్మన్ కంపెనీ 1997లో తెచ్చిన మోడల్. ఇప్పటికీ అమ్ముతున్నారు. చేతిలోకి తీసుకుంటే ప్లాస్టిక్కే ఎక్కువ, ‘ఇంత ధరకా?’ అనిపిస్తుంది. కానీ తీగ, చెవి మెత్తలు, తలమీది మెత్త అన్నీ విడివిడిగా ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. మా లెక్కల భాషలో చెప్పాలంటే తరుగుదల తక్కువగా ఉన్న ఆస్తి. బరువు సుమారు 260 గ్రాములు. కొత్తలో తలను కాస్త గట్టిగా పట్టుకుంటుంది, వాడగా వాడగా వదులవుతుంది.

డి.టి. 770 కూడా జర్మనీదే. తలమీది పట్టీ లోపల ఉక్కు ఉంది, మెత్తలు మఖమల్‌లా ఉంటాయి. స్టూడియోల్లో మోటుగా వాడినా తట్టుకునేట్టు చేసింది. మెత్తలు మార్చుకోవచ్చు గాని తీగ ఊడి రాదు. గ్రాడో అమెరికాలోని బ్రూక్లిన్‌లో 1953లో మొదలైన కుటుంబ సంస్థ. వాళ్ళ ఎస్.ఆర్. 80 చూస్తే పాతకాలపు రేడియో ఆపరేటరు గుర్తొస్తాడు. తేలిక. స్పాంజి మెత్తలు చెవిని చుట్టవు, చెవిమీద ఆనుకుంటాయి. అరగంటకు చెవి కాస్త ఒరుసుకుంటుంది.

ఇక శబ్దం. డి.టి. 770 డిప్పలు వెనక మూసి ఉంటాయి. మా వంటింటి కుక్కరు కూత చాలావరకు బయటే ఆగిపోయింది. కింది స్థాయి, పై స్థాయి రెండూ ఎత్తి చూపుతుంది. టేప్ రికార్డరు మోటారు గుర్రుమనడం, వెనకాల పెరటి బావి గిలక కిర్రుమనడం కూడా వినిపించాయి. అమ్మ గొంతు మాత్రం ఒకడుగు వెనక్కి వెళ్ళినట్టుంది. గ్రాడో డిప్పలు వెనక తెరిచి ఉంటాయి. లోపలి పాట పక్కవాడికీ, బయటి గోల మనకూ వినబడుతుంది. అందులో అమ్మ గొంతు ముందుకొచ్చి నిలబడింది, హల్లులు స్పష్టంగా తెలిశాయి. కాసేపటికి చెవి అలసింది.

హెచ్.డి. 600 కూడా తెరిచిన రకమే. బాగా లోతైన మోత ఇందులో తక్కువ. కానీ మనిషి గొంతు ఉండే మధ్యస్థాయి ఎంతో సహజంగా ఉంది. అమ్మ పక్క గదిలో దీపం పెడుతూ పాడుతున్నట్టే అనిపించి, నేను కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. అయితే ఇది 300 ఓమ్‌ల పరికరం. మామూలు ఫోనుకు నేరుగా తగిలిస్తే చాలాసార్లు శబ్దం చాలదు, చిన్న యాంప్లిఫయరు కావాలి. 38 ఓమ్‌ల దగ్గర ఉండే గ్రాడోకు ఆ బెడద లేదు. కొనేటప్పుడు ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. డి.టి. 770లో టేపు ‘స్స్’మనే చప్పుడు భరించలేమని పిల్లలిద్దరూ అన్నారు. నాకు అదేమంత వినబడలేదు. అనుమానమొచ్చి చెవి పరీక్ష చేయించుకున్నాను. వయసుతో పై స్థాయి శబ్దాలు తగ్గాయని డాక్టరు చెప్పారు. అంటే పరికరంలో సగమే డబ్బాలో వస్తుంది, మిగతా సగం మన చెవి. ఇంకొకరి చెవికి నచ్చింది మనకు నచ్చాలని లేదు. వీలైతే బాగా ఎరిగిన ఒక గొంతును పెట్టుకొని, మీరే విని కొనండి. మరొక మాట: పెద్దవాళ్ళు 80 డెసిబెల్ల శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పోయిన వినికిడిని ఏ హెడ్‌ఫోనూ తిరిగి ఇవ్వదు.

మరి తగాదా ఏమైందంటారా? గ్రాడోలో అనుమానం కలిగింది, హెచ్.డి. 600లో తేలిపోయింది. ఆ మాటకు ముందు పెదవులు మూసి విడిచిన చిన్న ఖాళీ ఉంది. ‘మ’కు ముక్కులోంచి రావలసిన మూలుగు లేదు. అది ‘ప’ కారమే. పర్లాకిమిడిలో ఉన్న చెల్లెలికి వెంటనే ఫోను చేశాను. “నువ్వే గెలిచావమ్మా, పొద్దే!” అన్నాను.

“దానికి ఇన్ని పరికరాలెందుకన్నయ్యా? దీపాలవేళ పాడే హారతిలో పొద్దు గాక ఇంకేముంటుంది?” అంది.

ఆ సాయంత్రమే పిల్లలకు రెండో చరణం నేర్పాము.