లంబసింగిలో గడ్డిపై మంచు ఎందుకు పేరుకుంటుంది?

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడి గడ్డిపై తెల్లని మంచు పలుకులు కనిపిస్తాయి. పగలు ఎండకు వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదిలేస్తుంది. మబ్బులుంటే కొంత వేడిని దుప్పటిలా ఆపుతాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ అడ్డు ఉండదు. గాలి కదలకపోతే పైనున్న వెచ్చదనం కిందికి చేరదు. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు మీదుగా పల్లానికి జారుతుంది. గడ్డిపరక 0 డిగ్రీలకన్నా చల్లబడితే, దాన్ని తాకిన ఆవిరి నీరుగా మారకుండానే నేరుగా మంచవుతుంది.

విచిత్రమేమిటంటే, అప్పుడు థర్మామీటరు 2, 3 డిగ్రీలు చూపవచ్చు. వాతావరణ కేంద్రాల్లో దాన్ని నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంచుతారు. నేలనంటిన గాలి అంతకన్నా చల్లన. అందుకే వాతావరణ సూచనలో కనిష్ఠం 3 డిగ్రీలని చెప్పినా లేత మొక్కలు మంచుబారిన పడవచ్చు.